ఎర్రగీత రాని పేర్లు

నెయిల్ పాలిష్ వాసన తగిలితే అందరికీ గోళ్లు గుర్తొస్తాయేమో, నాకు మాత్రం కీబోర్డు గుర్తొస్తుంది. మొన్నొక మధ్యాహ్నం ఒక కాలేజీ అమ్మాయి ప్రాజెక్టు ప్రింట్ల కోసం నా షాపులో కూర్చుంది. ప్రింటరు ఒక్కో కాగితాన్నీ బద్ధకంగా వదులుతుంటే విసుగొచ్చి, బ్యాగులోంచి చిన్న సీసా తీసి గోళ్లకు ఎర్రరంగు వేసుకోవడం మొదలుపెట్టింది. నంద్యాల బస్టాండు వెనక సందులో నాది పదడుగుల గది. ఫ్యాను గాలికి ఆ ఘాటు వాసన గదంతా పరుచుకుంది. నా చేతులు ఆగిపోయాయి. "వాసన పడదా అక్కా? బయట ఏసుకుంటాలే" అంది ఆ అమ్మాయి. "పడకేం, ఈడనే ఏసుకోమ్మా" అన్నాను. ప్రింట్లు అయిపోయాక కూడా ఆ పిల్లను ఇంకాసేపు కూర్చోమందామా అనిపించింది.

మా రూతు మేడమ్ జన్మలో గోళ్లకు రంగు వేసుకున్న మనిషి కాదు. నేతచీర, నూనె రాసి గట్టిగా చుట్టిన ముడి, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు, అంతే ఆమె అలంకారం. కానీ ఆమె బల్ల సొరుగులో ఎర్ర నెయిల్ పాలిష్ సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే ఉన్న కీబోర్డుల మీద, చీపురుపుల్ల చివర సన్నగా చెక్కి, ఆ రంగులో ముంచి, ఒక్కో మీట మీద ఒక్కో తెలుగు అక్షరం రాసేది. రెండు మూడు నెలలకు వేళ్ల రాపిడికి అవి చెరిగిపోయేవి. మళ్లీ రాసేది. ఆళ్లగడ్డలో ఆమె నడిపిన టైపు ఇన్‌స్టిట్యూటులో చేరినవాళ్లకు మొదటి పాఠం టైపు కొట్టడం కాదు. సీసా, చీపురుపుల్ల చేతికిచ్చి చెరిగిన అక్షరాలు దిద్దమనేది. "ఏ అక్షరం యాడుందో ఎతుక్కుంటా కూచుంటే ఎప్పటికీ రాదు. నీ చేత్తో నువ్వు రాసుకో, మర్చిపోతావేమో సూస్తా" అనేది.

ఆ వాసన వచ్చిన రోజు కూడా మామూలు రోజు కాదు. మేడమ్ కంప్యూటరు ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఆమె పోయాక ఆమె చెల్లెలు దానికి పాతచీర చుట్టి నాకు పంపింది. అది ముసలిదైపోయింది. స్విచ్చి వేస్తే ఒకరోజు లేస్తుంది, ఒకరోజు మూలుగుతుంది, ఒకరోజు ఉలకదు పలకదు. అందుకని ఆ రోజు కొత్త కంప్యూటరుకు మారుతున్నాను. కంప్యూటరును నడిపించే మూల సాఫ్ట్‌వేర్ దానిలోనూ లినక్సే, కాకపోతే కొత్త లినక్సు, దాంతో వచ్చిన ఆఫీసు వేరు. ఉత్తరాలూ దరఖాస్తులూ తయారుచేసే సాఫ్ట్‌వేర్‌ను మేము ఆఫీసు అనే అంటాం. పాతదీ కొత్తదీ రెండూ ఉచితమే, ఎవరైనా తీసుకుని విప్పి చూసుకుని మార్చుకోగలిగినవే. వాటి ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక మేము బొమ్మలను బట్టి పేర్లు పెట్టుకున్నాం. మేడమ్ వాడినది తెరుచుకునేటప్పుడు ఎగిరే పిట్టలు కనిపించేవి, కాబట్టి అది పిట్టల ఆఫీసు. కొత్తదానికి మూల మడిచిన కాగితం బొమ్మ ఉంటుంది, కాబట్టి ఇది మడత ఆఫీసు.

మడత ఆఫీసు తెరిచి, అలవాటు కొద్దీ మొదట నా పేరు కొట్టాను. కింద ఎర్రగీత పడింది. మా ఊరి పేరు కొట్టాను, ఎర్రగీత. తప్పు రాశావు సుమా అని కంప్యూటరు మాట కింద గీసే ఆ వంకరగీత అందరూ చూసిందే, కానీ ఆ రోజు దాన్ని చూడగానే కీబోర్డు పక్కకు తోసేశాను. పిట్టల ఆఫీసుకు మేడమ్ ఏళ్ల తరబడి ఒక్కొక్కటే కూర్చుని నేర్పిన మాటలు వందలున్నాయి. అవన్నీ ఆ ముసలి కంప్యూటరులో ఎక్కడో ఉన్నాయి. అది రేపు లేవకపోతే అవీ పోతాయి. ఆమె చేసిపెట్టినది నా దగ్గర వేరే ఏమీ లేదు. ఒక ఫొటో కూడా లేదు.

నేను ఆమె దగ్గర చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మాది రుద్రవరం దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. డిగ్రీలో ఒక సబ్జెక్టు తప్పి ఇంట్లో కూర్చుంటే, ఊరికే ఎందుకు, టైపు నేర్చుకో పో అని నాయన ఆళ్లగడ్డ బస్సెక్కించాడు. ఇన్‌స్టిట్యూటు పక్కనే దేవుళ్ల విగ్రహాలు చెక్కే షెడ్లు. పొద్దున్నుంచి ఉలి చప్పుడే. రాతిపొడి కిటికీలోంచి వచ్చి అన్నిటి మీదా కూర్చునేది. మేడమ్ కంప్యూటర్లకు పాతచీర ముక్కలు కప్పేది. నేను లోపలికి వెళ్లేసరికి ఒక చీరముక్క విదిలిస్తూ ఉంది.

"పేరేందిమే?" అంది.

"విద్య, మేడమ్."

నా చేతిలోని మార్కుల మెమో తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుంది. "ఈడ ఓబులమ్మ అని ఉండాదే?"

ఓబులమ్మ అనే పేరుతో కాలేజీలో నేను పడినవి ఆ దేవుడికే ఎరుక. నంద్యాల పిల్లల పేర్లు స్వాతి, ప్రత్యూష, లావణ్య. అటెండెన్సులో నా పేరు పిలిస్తే వెనక బెంచీలు నవ్వేవి. అందుకే ఆళ్లగడ్డలో ఎవరికీ తెలియని చోట విద్యగా మొదలవుదామనుకున్నాను. "ఇంట్లో విద్య అంటారు మేడమ్" అన్నాను. అబద్ధం. ఇంట్లో ఓబులీ అనేవాళ్లు.

ఆమె కీబోర్డు నా ముందుకు జరిపి, మెమోలో ఉన్న పేరు కొట్టమంది. ఎర్ర అక్షరాలు వెతుక్కుంటూ ఎలాగో కొట్టాను. పేరు కింద ఎర్రగీత పడింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "సూడండి మేడమ్, కంప్యూటర్‌కు గూడా ఈ పేరు నచ్చల్యా."

"దానికి నచ్చకపోయేదేముంది? తెల్దు, అంతే. దీన్ని తయారుచేసినోళ్లు యాడనో ఉంటారు. వాళ్లు అహోబిలం సూడల్యా, ఓబులేసునీ సూడల్యా. మనకు తెలుసు గదా, మనమే చెప్పల్ల." పేరు మీద మౌసు పెట్టి కుడివైపు నొక్కింది. వచ్చిన వరసలో 'నిఘంటువులో చేర్చు' అన్నది ఎంచుకుంది. ఎర్రగీత పోయింది. "ఇదీ మాటే" అంది, నాతో కాదు, కంప్యూటరుతో. ఓబులేసు అంటే మా వైపు అహోబిలం నరసింహస్వామే. ప్రతి ఆదివారం చర్చిలో పిల్లలకు వాక్యం చెప్పే మనిషి, ఆ స్వామి పేరును అలా వెనకేసుకొచ్చింది. ఆ తర్వాత నేనెవరికీ విద్యనని చెప్పలేదు. చెప్పినా ఆమె ఊరుకునేది కాదు.

ఆమెకో పద్ధతి ఉండేది. ఏ మాటనూ, ఏ పేరునూ ఊరికే నిఘంటువులో చేర్చేది కాదు. ఆ పేరు గల మనిషి వచ్చి బల్ల ముందు కుర్చీలో కూర్చోవాలి, తన పేరు తన నోటితో చెప్పాలి. 'ద' మామూలుదా ఒత్తుదా, 'ళ' నా 'ల' నా అని ఆమె అడిగేది. అప్పుడే చేర్చేది. "మనిషి రాకుండా పేరు నేర్పిస్తే అది వట్టి అక్షరాలే. మనిషి వస్తే పేరు" అనేది. దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చినవాళ్లకు ఇదంతా చాదస్తంగా ఉండేది. పనికి తొందరగా పోవాల్సినవాళ్లు గొణుక్కునేవాళ్లు. ఆమె పట్టించుకునేది కాదు.

ఆమె లినక్సుకు మారిన కథ ఆళ్లగడ్డలో చాలామందికి నవ్వులాట. అంతకుముందు ఆమె దగ్గరా అందరి దగ్గర ఉన్నట్టే, ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు ఎవరో చేసిచ్చిన దొంగకాపీలే ఉండేవి. కొన్నాళ్లకు కంప్యూటరు తెరవగానే ఇది అసలు కాపీ కాదని ఒక హెచ్చరిక రావడం మొదలైందట. అందరూ దాన్ని మూసేసి పని చేసుకున్నారు. మేడమ్‌కు నిద్ర పట్టలేదు. "పొద్దున్నే తెరిస్తే చాలు, నన్ను దొంగా అంటాంది. అదన్నా అబద్ధం చెప్తాందా అంటే, లేదు. నిజమే చెప్తాంది" అని మస్తాన్ సార్‌తో చెప్పుకుందట. మస్తాన్ సార్ నంద్యాలలో పాలిటెక్నిక్ లెక్చరర్, ఒకప్పుడు ఆమె దగ్గర టైపు నేర్చుకున్నవాడు. ఆయన శనివారం శనివారం వచ్చి ఒక్కొక్క కంప్యూటరులో లినక్సు, పిట్టల ఆఫీసు పెట్టిపోయేవాడు. నేను చేరేనాటికి ఉన్న నాలుగు కంప్యూటర్లలో మూడు మారాయి. నాలుగోది మాత్రం పెండ్లిపత్రికల పనికి పాత ఫాంట్లతో అలాగే ఉంచింది.

ఆ నాలుగోదాని సంగతి నా కళ్ల ముందే తేలింది. ఊళ్లో అచ్చాఫీసు నడిపే ఒకాయన వచ్చి, పెండ్లిపత్రికలే కాదు, అన్ని ఫైళ్లూ తన దగ్గరున్న పాత ఫాంటులోనే కావాలని పట్టుపట్టాడు. "ఏందక్కా, లోకమంతా ఒక దావన పోతాంటే నువ్వొక దావన పోతాండావ్. నీ పిట్టల ఫైలు మా దాంట్లో తెరిస్తే అన్నీ పెట్టెలే కనిపిస్తాయి."

"నీ ఫైలు నా దాంట్లో తెరిస్తే గూడా అంతేనప్పా" అంది మేడమ్. "తేడా ఏందంటే, నాది నువ్వు ఊరికే తెచ్చుకోవచ్చు. నీది నేను దొంగిలించల్ల."

ఆయన మళ్లీ రాలేదు. ఆ సాయంత్రమే నాలుగోది కూడా మార్పించింది. నాకు మండిపోయింది. వచ్చే పనిలో సగం ఆ అచ్చాఫీసుదే. "ఉన్న గిరాకీని చేజేతులా తరిమేస్తిరి" అన్నాను మొహం మీదే. ఆమె చీరముక్క మడతపెడుతూ, "పోతే పోనీలేమే. నేను వెయ్యి మందికి నేర్పిస్తి. వాళ్లందరికీ దొంగతనం గూడా నేర్పించినట్టే గదా" అంది. అది నిజమేనని తోచేసరికి కోపం ఇంకా ఎక్కువైంది. మూడు రోజులు ముభావంగా ఉన్నాను. నాలుగో రోజు ఆమె నా కీబోర్డు మీద చెరిగిపోయిన 'ఓ' అక్షరాన్ని ముందుగానే దిద్ది పెట్టింది. ఆ తడి రంగు నా వేలికి అంటుకుంటే నవ్వొచ్చేసింది.

నేను చేసిన ఒక తప్పు కూడా ఇక్కడే చెప్పాలి. రుద్రవరం వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. తల్లీతండ్రీ లేని మనవరాలిని నంద్యాలలో హాస్టలులో చేర్చాలి, దానికి దరఖాస్తు. అవ్వ పేరు కుళ్ళాయమ్మ. ఆ రోజు ఇన్‌స్టిట్యూటు కిటకిటలాడుతోంది, మేడమ్ ఊళ్లో లేదు. నేను అవ్వను కూర్చోబెట్టలేదు, పేరు అడగలేదు, చీటీ చూసి కొట్టేశాను. పేరు ఐదారు చోట్ల వచ్చింది, ఐదారు చోట్లా ఎర్రగీతే. విసుగొచ్చి కంప్యూటరు చూపించిన మొదటి మాట మీద నొక్కి, 'అన్నీ మార్చు' అనేశాను. చదివి చూసుకోలేదు. అవ్వ వేలిముద్ర వేసి నంద్యాలకు పట్టుకుపోయింది.

రెండు రోజులకు మళ్లీ వచ్చింది. కాగితం మేడమ్ ముందు పెట్టి నిలబడింది. సంరక్షకురాలి పేరు ఉండాల్సిన చోటల్లా 'కుళాయి' అని ఉంది. "ఆడ ఆఫీసులో నగినారు నాయనా. ఏందవ్వా, నీ పేరు కొళాయా, తిప్పితే నీళ్లొస్తాయా అని. రేపటికే ఆకరంట. పాపకు సీటు పోతాదేమో" అంది. కళ్లు తుడుచుకోలేదు, గొంతు కూడా ఎత్తలేదు. నేను గోడ పక్కకు నక్కాను.

మేడమ్ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. అవ్వను బల్ల ముందు కుర్చీలో కూర్చోబెట్టి, నన్ను పిలిచింది. "అవ్వా, నీ పేరు ఈ పిల్లకు చెప్పు. ఎందుకు పెట్టినారో గూడా చెప్పు."

"కుళ్ళాయమ్మ నాయనా. మా యమ్మకు ముగ్గురు పుట్టి పోయినారు. కుళ్ళాయిస్వామికి మొక్కుకుంటే నేను నిలిచినా. అందుకని ఆ సామి పేరు పెట్టినారు."

"ఇప్పుడు కొట్టుమే" అంది మేడమ్. కొట్టాను. ఎర్రగీత పడింది. నా చేతే చేర్పించింది. 'ఇదీ మాటే' అనడం ఆ రోజు నా వంతైంది. మర్నాడు ఇన్‌స్టిట్యూటుకు తాళం వేసి, ముగ్గురం నంద్యాల బస్సెక్కాం. ఆఫీసులో ఆ నవ్విన మనిషి ముందు మేడమ్ నన్నే నిలబెట్టింది. "తప్పు నాది సార్, అవ్వ పేరు కుళ్ళాయమ్మ" అని చెప్పాను. సీటు వచ్చింది. తిరుగు బస్సులో అవ్వ కొంగున కట్టుకున్న వేయించిన శనగవిత్తనాలు నా చేతిలో పోసింది. నమలలేక నమలలేక తిన్నాను.

తర్వాత నాలుగైదేళ్లు ఆమె దగ్గరే ఉన్నాను, నేర్చుకోవడం అయిపోయాక నేర్పిస్తూ. ఆ రోజుల్లోనే మస్తాన్ సార్ మడత ఆఫీసు తెచ్చాడు. పిట్టలది పాతబడుతోందని, అందరూ మడతదానికి మారుతున్నారని చెప్పాడు. మేడమ్ ఒప్పుకోలేదు. "ఈ మాటలన్నీ దానికి మళ్లా ఎవరు నేర్పించల్ల?" అంది. వాటిని కూడా తీసుకుపోవచ్చని ఆయన ఎంత చెప్పినా, "తీసకపోయేటప్పుడు ఒగటి జారిపోతే? ఏది జారిందో నాకెట్ల తెలుస్తాది?" అంది. నాకు పెళ్లి కుదిరి నంద్యాల వెళ్తున్నప్పుడు ఆమె నాకు ఇచ్చినవి ఒక కొత్త కీబోర్డు, ఒక ఎర్ర సీసా. "షాపు పెట్టుకుంటే నువ్వే రాసుకో" అంది.

షాపు పెట్టాను. రాసుకోలేదు. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. నంద్యాలలో మొదటి నెలలోనే వచ్చినవాళ్లందరూ పాత ఫాంటే అడిగారు. పక్క షాపు అతను పది నిమిషాల్లో దొంగకాపీ ఎక్కించిపోయాడు. తెరిచినప్పుడల్లా హెచ్చరిక వచ్చేది, మూసేసేదాన్ని. కొన్నాళ్లకు అది కళ్లకు ఆనడం కూడా మానేసింది. ఎర్ర సీసా ఒక మూల ఎండిపోయింది.

పాప పుట్టిన కబురు చెప్పడానికి ఫోను చేశాను. మేడమ్ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

"ఏం పేరు పెట్టినావ్?"

"ధన్విత, మేడమ్."

"ఏందీ? ఇంగోసారి చెప్పు."

"ధన్విత."

"అదేం పేరుమే, ఓబులమ్మ కూతురు ధన్వితనా" అని నవ్వింది. "సరేగానీ, ద మామూలుదా, ఒత్తుదా?"

ఎగతాళి చేస్తోందనుకున్నాను. నా పేరు మీద నాకున్న పాత సిగ్గే కూతురికి ఆ పేరు పెట్టించిందని ఆమెకు తెలిసిపోయిందనుకున్నాను. అప్పుడే షాపులోకి ఎవరో వచ్చారు. "గిరాకీ వచ్చింది మేడమ్, మళ్లా చేస్తా" అన్నాను. పెట్టేయబోతుంటే ఇంకో మాట అడిగింది. "షాపులో ఏ ఆఫీసు వాడతాండావ్మే?"

"పిట్టలదే, మేడమ్."

కాసేపు ఫోనులో ఉలి చప్పుడు మాత్రం వినిపించింది. "సరే. పాపను తీసుకోని బేగా రా" అంది.

నంద్యాలనుంచి ఆళ్లగడ్డ బస్సులో గంట దూరం. మా అమ్మగారింటికి పోయేదీ ఆ దారినే. పాపను ఒళ్లో పెట్టుకుని ఎన్నిసార్లు పోయానో. ఆళ్లగడ్డ స్టాండులో బస్సు ఆగేది. దిగి పది అడుగులేస్తే ఆటోలు. నేను దిగలేదు. కిటికీలోంచి కూడా ఆ వైపు చూసేదాన్ని కాదు. దిగితే ఆమె నా షాపు గురించి అడుగుతుంది. మళ్లీ అబద్ధం చెప్పాలి, లేదా నిజం చెప్పాలి, రెండూ నా వల్ల కాదు. లినక్సుకు మారిపోయి అప్పుడు పోదాం, తలెత్తుకుని పోదాం అనుకునేదాన్ని. ఈ నెల, వచ్చే నెల, పరీక్షల గిరాకీ అయిపోయాక. క్రిస్మసుకు ఫోను చేస్తే, "పాపను ఎప్పుడు తీసకొస్తావ్మే?" అని ఆ ఒక్కటే అడిగేది. ఆఫీసు సంగతి మళ్లీ ఎత్తలేదు. అలా నాలుగేళ్లు గడిచాయి.

ఒకరోజు ఆమె చెల్లెలు ఫోను చేసింది. రెండు రోజుల జ్వరంతో మేడమ్ పోయిందట. వెళ్లాను. ఆళ్లగడ్డలో దిగాను, అప్పుడు దిగాను. ఇన్‌స్టిట్యూటులో కంప్యూటర్లన్నిటికీ చీరముక్కలు కప్పి ఉన్నాయి. పక్క షెడ్లలో ఆ రోజు ఉలి పట్టలేదు. శిల్పులందరూ తలకు చుట్టిన తువ్వాళ్లు తీసి చేతపట్టుకుని బయట నిలబడ్డారు. పాపను ఇంట్లోనే వదిలి వచ్చాను. ఎందుకు వదిలానో ఇప్పటికీ తెలియదు.

నెల తర్వాత ఆమె కంప్యూటరు వచ్చింది. "దీన్ని ఓబులమ్మకే ఇయ్యమని ఎప్పుడో చెప్పింది" అంది చెల్లెలు. ఆ వారమే నా షాపులోని దొంగకాపీలన్నీ తీసేశాను. గిరాకీలో సగం మంది పోయారు, సగం మంది ఉన్నారు, ఎవరూ చచ్చిపోలేదు. ఇంత తేలిక పనిని నాలుగేళ్లు ఎందుకు మోశానో తలచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఇక ఆ మధ్యాహ్నం. నెయిల్ పాలిష్ అమ్మాయి వెళ్లిపోయాక, ఎర్రగీతలు పడిన ఆ తెర ముందు కూర్చుని మస్తాన్ సార్‌కు ఫోను చేశాను. "సార్, పిట్టల ఆఫీసు తనకు నేర్పిన మాటలను యాడ దాస్తాది?"

"ఇంటి ఫోల్డరులోనేమ్మా. కాకపోతే పేరు ముందర చుక్క పెట్టుకోని దాంకోనుంటాది. కంట్రోల్ పట్టుకోని హెచ్ కొట్టు, దాగినవన్నీ బయటపడతాయ్. ఒగ నిమిషం పని" అని, మళ్లీ తనే, "మేడమ్‌కు గూడా ఎన్నిసార్లో చెప్తి. ఒప్పుకోల్యా. ఒగటి జారిపోతాదని భయం" అన్నాడు.

ముసలి కంప్యూటరు స్విచ్చి వేశాను. లేవలేదు. మళ్లీ వేశాను. మూలిగి ఆగిపోయింది. షాపు తలుపు దగ్గరగా వేసి, చీరముక్కతో దాని వెనక భాగం తుడిచి, తీగలన్నీ పీకి మళ్లీ గుచ్చి, మూడోసారి వేశాను. చాలాసేపు నల్లగా ఉండి, చివరికి లేచింది. కంట్రోల్ పట్టుకుని హెచ్ కొట్టాను. చుక్కల ఫోల్డర్లు బారులు తీరాయి. ఒకదానిలో ఒకటి, ఒకదానిలో ఒకటి దిగుతూ పోతే అడుగున ఒక చిన్న ఫైలు. తెరిస్తే మామూలు అక్షరాలే, వరసకు ఒక మాట.

అక్షరక్రమంలో ఉన్నాయి. అవ్వ. ఆడ. ఈడ. ఓబులమ్మ. ఓబులేసు. కుళ్ళాయమ్మ. ఒక్కొక్కటి చదువుతుంటే ఆ కుర్చీలో కూర్చుని వెళ్లిన మనుషులు వరసగా వచ్చి కూర్చుంటున్నారు. మేకలాయన, పింఛను ముసలాయన, మొగుడి మీద ఫిర్యాదు రాయించుకుని, మళ్లీ వచ్చి చింపించుకుపోయిన ఆమె. ఒకటి జారినా ఏది జారిందో తెలియదన్న మాట గుర్తొచ్చి, దేన్నీ వదలకుండా చదివాను. 'ద' దగ్గరికి వచ్చాను.

దన్విత.
దావ.
దుడ్లు.
ధన్విత.

మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ద మామూలుదా ఒత్తుదా అని ఆమె అడిగింది, నేను చెప్పకుండా ఫోను పెట్టేశాను. మళ్లా చేస్తానన్నాను, ఆ సంగతి మళ్లీ చెప్పలేదు. మనిషి వచ్చి కుర్చీలో కూర్చోకుండా ఏ పేరూ చేర్చని మనిషి, రాని నా కూతురి పేరు ముందుగానే నేర్పి పెట్టింది. ఏ ద అయినా సరే, ఆ పిల్ల వచ్చి తన పేరు కొడితే కింద ఎర్రగీత పడకూడదని రెండూ చేర్చి పెట్టింది. ఆరేళ్లుగా ఆ రెండు పేర్లూ అక్కడ మా కోసం కాచుకుని ఉన్నాయి. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. షాపులో ఏడవడం నాకు అలవాటు లేదు.

ఫైలును పెన్‌డ్రైవులో వేసుకుని కొత్త కంప్యూటరులో, మడత ఆఫీసు తన మాటలు దాచుకునే చోట పెట్టాను. తెరిచి నా పేరు కొట్టాను. గీత లేదు. కుళ్ళాయమ్మ అని కొట్టాను. లేదు. ఒక్కటీ జారలేదు మేడమ్.

సాయంత్రం బడి వదిలాక పాప షాపుకు వచ్చింది. దానికిప్పుడు ఆరేళ్లు. కొత్త సీసా కొని, చీపురుపుల్ల చెక్కి, కొత్త కంప్యూటరు కీబోర్డు మీద అక్షరాలు దాని చేతే దిద్దించాను. వంకర టింకరగా దిద్దింది. రంగు ఆరాక, నీ పేరు కొట్టు అన్నాను. నాలుక బయటపెట్టి, ఒంటివేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. దన్విత అని కొట్టింది, ఒత్తు లేకుండా. తెర మీద పేరు కింద ఏ గీతా పడలేదు.

"కరెక్టేనా మా?" అంది.

"ఇదీ మాటే" అన్నాను. ఎవరిదమ్మా ఆ పాత కంప్యూటరు అని అడుగుతుందేమో, అన్నీ చెబుదామని కుర్చీ దగ్గరగా జరుపుకున్నాను.